గట్టులో గాజు పోగు

తాల్‌బగీచా, ఖరగ్‌పూర్
1995 నవంబరు

ప్రియమైన కరుణక్కకు,

నీ చెల్లెలు సుజాత ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసుకుంటున్నది. నేనూ చిన్నాన్నా పిన్నీ ఇక్కడ చల్లగా ఉన్నాం. అక్కడ నువ్వూ బావగారూ చిన్నీ అమ్మా అలాగే ఉండాలని రోజూ ప్రార్థనలో మీ నలుగురి పేర్లూ చెబుతున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఆస్పత్రిలో అందరి చేతా మందులు మింగిస్తావు గానీ అమ్మ దగ్గర నీ నర్సు ఉద్యోగం సాగదని నాకు తెలుసు. చిన్నికి ముందు పళ్లు ఊడాయని రాశావు. నవ్వినప్పుడు ఎలా ఉందో చూడాలని ఉంది.

ఇన్నాళ్లూ ఉత్తరం రాయనందుకు కోప్పడకు. చిన్నాన్న ఎస్టీడీ బూత్ నుంచి నీ ఆస్పత్రికి ఫోను చేసి, "పిల్ల బాగున్నాది, పనెక్కువ" అని చెప్పాడట. రెండూ నిజమే. బాగున్నాను, పని ఎక్కువే. కానీ జరిగింది ఫోనులో చెప్పేది కాదు, ఇన్‌లాండ్ కాగితం మీద పట్టేదీ కాదు. అందుకే తెల్ల కాగితాలు కొనుక్కుని, ఈ ఆదివారం తెలుగు ఆరాధన అయి ఇంటికి రాగానే కూర్చున్నాను.

ముందు నీ మనసు కుదుటపడే మాటలు రాస్తాను. తిండికి లోటు లేదు. గోల్‌బజార్‌లో గోంగూర దొరుకుతుంది, అమ్మే ఆమె మన యాసలోనే కసురుతుంది. పిన్ని ఎండుచేపల పులుసు పెట్టిన రోజు రెండు ముద్దలు ఎక్కువే తింటాను. పొద్దున పూట ఇక్కడివాళ్లలాగే ముడీ, అంటే మన మరమరాలే, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినడం అలవాటైంది. ఒంట్లో బాగుంది. నిజంగానే బాగుంది. మొదట్లో సాయంత్రాలు గడిచేవి కావు. రైలు కూత వినబడితే చాలు, అది ఎటు పోయేదైనా మన వైపే పోతున్నట్టుండేది. ఇప్పుడు ఆ బెంగ తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం అబద్ధం రాయను.

నా పని ఏమిటని నువ్వు అడిగినప్పుడల్లా, లాబొరేటరీలో అసిస్టెంటుని అని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే నాకే సరిగ్గా అర్థం కాలేదు. ఇప్పుడు అయింది.

ఇక్కడి పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో బాగ్చీ సర్ అని ఒక ప్రొఫెసరున్నారు. సన్నటి మనిషి, మాట మెల్లగా ఉంటుంది, ఎండ కాసినా గొడుగు వదలరు. ఆయన చూసేది నేల కదలిక. నేల కదలడమేమిటని అడగకు, నేనూ అదే అడిగాను. కొండవాలు గానీ నది గట్టు గానీ కూలిపోయే ముందు కొంతకాలం వెంట్రుకవాసి చొప్పున జరుగుతుందట. కంటికి ఆనదు. ఆ జరగడాన్ని పట్టుకోవడానికి ఆయన వాడేది గాజు.

గాజంటే పగిలేదనే కదా మనకు తెలిసింది. ఈ గాజును తల వెంట్రుకంత సన్నగా పోగు తీస్తారు. వేలికి చుట్టుకోవచ్చు. ఒక చివర వెలుగు పంపితే, మధ్యలో ఎన్ని కిలోమీటర్లున్నా, గొట్టంలో నీళ్లలా లోపల్లోపలే సాగిపోయి రెండో చివర బయటికి వస్తుంది. ఇప్పుడు టెలిఫోను మాటలు కూడా ఇలాంటి పోగుల్లోంచే పంపుతున్నారట. కానీ ఎక్కడైనా పోగును గట్టిగా నొక్కితే ఆ చోట కొంచెం వెలుగు బయటికి కారిపోతుంది. ఫోనువాళ్లకు అది నష్టం. సర్‌కు కావలసింది అదే. పోగు చుట్టూ సన్నని నైలాను దారం మెలిపెట్టి, పైన తొడుగు వేసి మట్టిలో పాతిపెడతాం. మట్టి జరిగితే దారం బిగుసుకుంటుంది, పోగు నలుగుతుంది, వెలుగు కారుతుంది.

నేలలో ఉన్నది ఎక్కడ కారిందో ఎలా తెలుస్తుందంటావా? దానికో పెట్టె ఉంది. అది వెలుగును రెప్పపాటులో లక్షో వంతుకన్నా చిన్న తునకలుగా కోసి పోగులోకి పంపుతుంది. పోయే వెలుగులో రవ్వంత, దారి పొడుగునా గాజుకు తగిలి వెనక్కి వస్తూంటుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి ఎంత దూరం నుంచి వచ్చిందో పెట్టె చెబుతుంది. తెర మీద ఒక ఆకుపచ్చ గీత కనిపిస్తుంది, ఎడమ నుంచి కుడికి మెల్లగా వాలుతూ. నేల నిమ్మళంగా ఉంటే గీత నున్నగా ఉంటుంది. ఎక్కడైనా పోగు నలిగితే అక్కడ గీత ఒక మెట్టు దిగుతుంది. నువ్వు రోగి మణికట్టు మీద వేళ్లు పెట్టి గుండె సంగతి చెబుతావు కదా, అలాగ.

పోగులను అతకడం నా పని. రెండు చివరలనూ సూక్ష్మదర్శినిలో చూస్తూ ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో చిన్న విద్యుత్ రవ్వ పుట్టిస్తే కరిగి ఒకటైపోతాయి. అతుకు ఎక్కడుందో కూడా తెలియదు. మొదటిసారి నా చేతిలో అతుకు కుదిరి, దానిలోంచి వెలుగు ఇటు నుంచి అటు దాటినప్పుడు ఇంకోసారి పంపి చూసుకున్నాను. సర్ నా మొహం చూసి టీ తెప్పించారు.

వేసవిలో ఈ పోగును కాసాయి నది గట్టులో పాతాం. ఊరి నుంచి బస్సులో వెళ్లాలి. నది మలుపు తిరిగే చోట మట్టిగట్టు, గట్టు కింద కూరగాయల మళ్లు, మళ్ల పక్కన ఒక చిన్న పేట. సగం మంది మనవాళ్లే. రైల్వే పనికి వచ్చి, రిటైరయ్యాక ఇక్కడ నేల కౌలుకు తీసుకుని వంకాయలూ బెండకాయలూ పండించి గోల్‌బజార్‌కు పంపుతారు. మిగతా సగం బెంగాలీలు. రోడ్డు పక్కన మెరకలో వాళ్ల క్లబ్బు గది ఉంది. కేరమ్ బోర్డు పక్కకు జరిపి మా పెట్టెకు చోటిచ్చారు.

ఆ గది తాళం సూరమ్మ అత్త దగ్గర ఉంటుంది. వయసు అరవై దాటింది, గొంతు మాత్రం గట్టు ఆ చివరికి వినబడుతుంది. ఆమె భర్త గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి మంచం మీదే ఉంటాడు. పేటలో ఎవరికి ఏ తగువు వచ్చినా ఆమె గుమ్మం ముందే తేలాలి. మేం కాలువ తవ్వి పోగు పరుస్తుంటే వచ్చి నిలబడింది.

"ఏటి పాపా పాతుతున్నావు? కరెంటు తీగా?"

"కాదత్తా. గట్టు కదుల్తాదేమో సూడ్డానికి."

"గట్టు కదల్డమేటి? నాను కాపరానికొచ్చిన కాణ్ణించి అక్కడే ఉన్నాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మధ్యాహ్నం మా అందరికీ కుండెడు మజ్జిగ పంపింది.

ఈ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. ఇక్కడిది ఎర్రమట్టి, తడిస్తే చెప్పులను కూడా వదలదు. నది నిండుగా పారుతోంది. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్లి గీత చూసి, సర్‌కు చెప్పి రావడం నా పని. రోజూ నున్నగానే ఉండేది.

ఒక పొద్దున పెట్టె ఆన్ చెయ్యగానే నది మలుపు దగ్గర గీతకు మెట్టు కనబడింది. చిన్నదే. నేను నమ్మలేదు. పోగు చివర తీసి, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ తగిలించాను. అక్కడే ఉంది. గొడుగు వేసుకుని గట్టెక్కి ఆ చోటు దాకా నడిచాను. పచ్చగా గడ్డి, మేకలు మేస్తున్నాయి. పగులు లేదు, వాలు లేదు. నా కాళ్ల కింద ఏదో జరుగుతోందని పెట్టె చెబుతోంది, నా కాళ్లకు మాత్రం ఏమీ తెలియడం లేదు.

కబురంపితే సర్ స్కూటర్ మీద వచ్చారు. చూసి, "ఎలుక కొరికి ఉండొచ్చు. అతుకులోకి నీళ్లు దిగి ఉండొచ్చు" అన్నారు. ఆ దగ్గరలో అతుకు లేదని ఆయనకూ తెలుసు. గబుక్కున ఒక మాట అనేసే మనిషి కాదు ఆయన. ఇద్దరం కూర్చున్నాం. మధ్యాహ్నానికి మెట్టు లోతైంది. దానికి కాస్త అవతల రెండోది మొదలైంది.

సర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "జరిగే ముక్కకు రెండు అంచులుంటాయి సుజాతా. ఇది ఒక అంచు, అది రెండోది. మధ్యలో ఉన్నదంతా ఒక్కటిగా కదులుతోంది" అన్నారు. వానకేసి చూస్తూ మళ్లీ అన్నారు: "మనం తప్పయితే ఈ పేటవాళ్లు మనల్ని మళ్లీ గట్టెక్కనివ్వరు. ఒప్పయి నోరు మూసుకుంటే, గట్టెక్కే మొహం మనకే ఉండదు."

ఆయన అధికారులకు చెప్పడానికి వెళ్లారు. పేటవాళ్లను ఇళ్లలోంచి కదిలించే పని నా మీద పడింది.

అక్కా, ఎవరికి ఏమని చెప్పను? సూరమ్మ అత్త పొయ్యి దగ్గర చేపలు వేయిస్తోంది. పక్కనే మంచం మీద ఆమె భర్త. గట్టు జరుగుతోందని, అందరూ రోడ్డవతలి బడికి పోవాలని చెప్పాను. ఆమె తల కూడా తిప్పలేదు.

"నీ తీగ సెప్పిందేటి?"

"అవునత్తా."

"వోన్లో ఈయన్నెక్కడికి మొయ్యమంతావు? నిరుడూ వొరదొచ్చినాది. గట్టు ఆగినాది. మా దేవుడున్నాడు. నువ్వెల్లు."

నేను కదల్లేదు. గీతలూ మెట్లూ చెప్పి లాభం లేదని తెలిసిపోయింది. ఈ ఊరు వచ్చాక ఎవరికీ, పిన్నికి కూడా నా నోటితో చెప్పని మాట అప్పుడు బయటికొచ్చింది.

"మా నాన్న నూతుల పని సేసేవోడత్తా. ఓ నాడు లోపల తవ్వుతుంటే పక్క జారిపోనాది. పైనున్నోలు కేకేసేలోగా అయిపోనాది. మా యమ్మ ఇప్పటికీ అంతాది, భూమి సెప్పకుండా మింగీసినాదని. ఇయ్యాల నాకు సెప్తన్నాదత్తా. నా కళ్ల ముందర సెప్తన్నాది. ఇన్నాక ఎలాగ ఊరుకోను?"

ఆమె నాకేసి చూసింది. మంచం మీంచి ఆయన గొంతు వచ్చింది, మాట సరిగ్గా పలకదు ఆయనకు: "ఎల్దాం." అంతే. సూరమ్మ అత్త పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగి నీళ్లు చల్లింది.

"ఈ మాట ముందు సెప్పొద్దేటి" అని లేచింది.

ఆ తర్వాత నేను చేసింది ఏమీ లేదు. ఇత్తడి పళ్లెం గరిటెతో కొడుతూ ఆమె వీధిలోకి దిగింది, తెలుగులో ఒకసారి, బెంగాలీలో ఒకసారి. ఆమె భర్తను మంచంతో సహా నలుగురు ఎత్తుకుని, పైన టార్పాలిన్ కప్పి తీసుకెళ్లారు. కొందరు సణుక్కున్నారు గానీ కదిలారు. ఒక బెంగాలీ ముసలాయన మాత్రం గుమ్మంలో కూర్చుని, గడ్డి పచ్చగా ఉంది, నేను రాను అన్నాడు. సూరమ్మ అత్త ఆయన ముందు నిలబడి, బెంగాలీలోనే, "దాదా, గట్టు కూలకపోతే రేపు మా ఇంట్లో నీకు చేపల కూర. కూలితే తినడానికి నువ్వుండవు" అంది. ఆయన లేచి మేకను విప్పుకుని బయల్దేరాడు.

వాన కొంచెం తెరిపిచ్చింది. నేను క్లబ్బు గదిలో పెట్టె ముందే ఉన్నాను. పొద్దు వాలుతుండగా గీత ఆ చోట ఒక్కసారి నిటారుగా పైకి లేచింది. దాని తర్వాత ఏమీ లేదు. పోగు తెగిందన్నమాట. తెగిన గాజు అంచు నుంచి వెలుగు అద్దంలోంచి తిరిగొచ్చినట్టు వెనక్కి వచ్చింది. నేను గుమ్మంలోకి వచ్చి చూశాను.

పెద్ద చప్పుడు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆవు ముందుకాళ్లు మడిచి నేల మీద కూర్చుంటుంది చూడు, అంత నెమ్మదిగా గట్టు కూర్చుంది. పైన గడ్డి పచ్చగా అలాగే ఉంది. గడ్డితో సహా కిందికి దిగింది. ఆ తర్వాత ఎర్రటి నీళ్లు దాని మీదుగా వచ్చాయి, తొందర లేకుండా, తెలిసిన ఇంటికి వస్తున్నట్టు. ముందు వంకాయ మళ్లు, తర్వాత ఇళ్లు. బడి దగ్గర అంతమంది నిలబడి చూస్తున్నారు. నాకు భయమేసింది. భయంతో పాటు ఇంకొకటి కూడా, ప్రార్థనలో మోకరించినప్పుడు ఉంటుందే, అలాంటిది. ఒక వెంట్రుకంత గాజు, కంటికి కనబడని వెలుగు, ఇంత పెద్ద నేల మనసులో మాటను ముందుగా పట్టుకుని వచ్చాయి. ఆ మాట నా చెవిన పడింది. నేనెవరినని?

మనుషులెవరికీ ఏమీ కాలేదు. కోళ్లు కొన్ని పోయాయి. మట్టి గోడల ఇళ్లు కరిగిపోయాయి. వాటిలో సూరమ్మ అత్త ఇల్లు కూడా ఒకటి.

అమ్మకు ఈ భాగం చదివి వినిపించాలో వద్దో నువ్వే చూసుకో. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒకటే అనిపిస్తోంది. నాన్న దిగిన నుయ్యి కూడా ముందుగా చెప్పే ఉంటుంది. వినే చెవి అప్పట్లో ఎవరి దగ్గరా లేదు. ఇది తెలిస్తే అమ్మకు బాధ తగ్గుతుందో పెరుగుతుందో నేను చెప్పలేను. నాకు తగ్గింది. భూమికి మన మీద పగ లేదని తెలిసి తగ్గింది.

అందరూ నన్ను మెచ్చుకున్నారని రాస్తే నీకు సంతోషంగా ఉంటుంది. కానీ అలా జరగలేదు. మర్నాడు బడికి వెళ్తే సూరమ్మ అత్త వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. అప్పుడంది: "నీ తీగ సెప్పినాది గాని ఆపనేకపోనాది గదా పాపా."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. చిన్నాన్న చెయ్యి కడుక్కుంటూ, "ఇల్లు పోనోలికి కోపమొస్తాది. పేనాలుండబట్టే కోపమొస్తన్నాది. రానీ" అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను రోజూ వెళ్లాను. పోగు తెగాక పెట్టెతో పని లేదు, చూడడానికి గీత లేదు. బియ్యం పంచేవాళ్ల పక్కన నిలబడి చేతనైన సాయం చేశాను. నువ్వు నాకు నేర్పిన పద్ధతిలోనే సూరమ్మ అత్త భర్తను పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ఆయన వీపు మీద పుళ్లు పడుతున్నాయక్కా. వాటికి ఏం రాయాలో, ఏం చెయ్యకూడదో వివరంగా రాసి పంపు. మరిచిపోవద్దు.

వానలు వెనకబట్టాక గట్టును మళ్లీ కట్టారు, ఇదివరకటికన్నా వెడల్పుగా. ఇళ్లు కూడా కొంచెం ఎగువన లేస్తున్నాయి. కొత్త గట్టులో కొత్త పోగు వెయ్యాలని సర్‌కు ఉంది, అడగడానికి మొహమాటం. రెండు మూడు సార్లు అక్కడి దాకా వచ్చి కూడా వేరే మాటలు మాట్లాడి వెళ్లిపోయారు. చివరికి ఒక రోజు ఆయన పక్కన ఉండగానే సూరమ్మ అత్తే నన్ను పిలిచింది.

"ఏటి, తీగ ఎయ్యరేటి?"

"మీరేటంటారో అని సర్ ఆగినారత్తా."

"ఏసుకోండి. తవ్వడానికి మావోలున్నారు. గాని ఒకటి. పొద్దోయేసరికి నువ్వు బస్సెక్కి ఎల్లిపోతావు. రేతిరి ఎవలు సూస్తారు? నాకు సూపించు."

నేను సర్ వైపు చూశాను. ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని, "నేర్పించు" అన్నారు.

ఆమెకు అక్షరం రాదు. మొదటి రోజు పెట్టె ముందు కూర్చోవడానికే ఒప్పుకోలేదు, పీట దూరంగా వేసుకుంది. "ఎలుగు ఎల్తన్నాదంతావు, ఏదీ?" అని అడిగింది. అది కంటికి కనబడే వెలుగు కాదని చెప్పాను. "కనపడని ఎలుగు నేలలోకెల్లి కబురు తెస్తాదా" అంది. తర్వాత పీట దగ్గరికి జరుపుకుంది. మట్టిలో పాతిన పోగు ముక్క ఒకటి పెట్టి, నేను మెల్లగా లాగితే గీత ఎలా మెట్టు దిగుతుందో చూపించాను. లాగినప్పుడల్లా ఆమె ఊపిరి బిగబట్టేది. ఇప్పుడు నేను చెప్పనక్కర్లేదు, కళ్లజోడు పెట్టుకుని తనే చూసుకుంటుంది.

వానలైపోయాయి కదా, ఈ పని ముగియగానే వచ్చేస్తావా అని నువ్వు అడిగావు. సర్ ఇంకో ఏడాది ఉండమన్నారు. ఉంటానని చెప్పాను. కొత్త గట్టు ఇంకా ఒక్క వానాకాలం కూడా చూడలేదు. దాన్ని దాటించి వస్తే నాకు తృప్తిగా ఉంటుంది. క్రిస్మస్‌కు మాత్రం తప్పకుండా వస్తాను. పిన్ని నీకో చీర కొని దాచింది. నేను చెప్పానని అనకు.

మొన్న తుపాను పట్టి రెండు రోజులు ముసురు. నాకు నిద్ర లేదు. పొద్దున్నే బయల్దేరితే బస్సు దారిలో ఆగిపోయింది. మిగతా దూరం తడుస్తూ నడిచాను. క్లబ్బు గది ముందు పేట పేటంతా గొడుగుల కింద, గోనె కొప్పెల కింద నిలబడి ఉంది. మెట్టు పడిందేమో అనుకున్నాను. జనం దారిచ్చారు. లోపల సూరమ్మ అత్త తెర ముందు కూర్చుని, గీతకు తగలకుండా ఒక వేలు చాపి, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుతోంది. నేను వచ్చిన సంగతి కూడా చూడలేదు. నేనూ పిలవలేదు, ఆమె భుజం వెనక నిలబడి ఆ వేలి వెంటే చూశాను. వేలు కుడి చివరికి చేరింది. ఆమె కళ్లజోడు తీసి, గుమ్మంలో ఉన్నవాళ్ల వైపు తిరిగి చెప్పింది:

"మెట్టు నేదు. ఎల్లి వొండుకోండి."

వాళ్లు వెళ్లారు. కాసేపటికి ఆ వానలోనే ఒక్కో ఇంటి మీంచి పొగ లేచింది.

అమ్మకు నా వందనాలు, బావగారికి నమస్కారాలు, చిన్నికి ఆ బోసి నవ్వు మీద ముద్దులు. పాస్టరుగారిని అడిగానని చెప్పు. మీ ప్రార్థనల్లో నన్నూ, ఈ పేటనూ తలుచుకోండి.

మీ దీవెన కోరే
నీ చెల్లెలు
సుజాత